సకినాల కోసం పరశురాములు తేమతో చేసిన మహాసంగ్రామం

వినుడు, సభాసదులారా! ఘనఘనాఘనగర్జాభీకరమైన శ్రావణ మాసమున, ముసురు పట్టి మబ్బు విడువని పూట, బొగ్గుగనులకు ఆటపట్టైన మందమర్రి పట్టణమున, కార్మికుల కాలనీలో, ఏడాదికొక మారు సున్నమును, దినదినమును చెమ్మను ధరించు ఒకానొక క్వార్టరు నందు, భూగర్భ గాలిపంకాధీశ్వరుడును, అప్రతిహత తువ్వాలధ్వజుడును అగు పరశురాములు, కంటికి కనబడని తేమాసురితో తలపడి గెలిచిన వైనం చెబుతాను. నవ్వితే నవ్వండి గాని నడుమ లేచిపోకండి.

యుద్ధానికి కారణం సకినాలు. ఆ వీరుని కూతురు నవనీత పురిటికి వచ్చి, పండంటి ఆడబిడ్డను కని, ఆనాడు అత్తవారింటికి మరలనున్నది. తీసుకుపోవడానికి వియ్యపురాలు ఐలవ్వ చొప్పదండి నుంచి మధ్యాహ్నపు బస్సుకు దిగుతుంది. సారెలో సకినాలు లేకుండా బిడ్డను సాగనంపడం ఎక్కడైనా ఉందా? అయితే ఐలవ్వ దంతములు సామాన్య దంతములు కావు. పెండ్లిలో ఒక సకినం కొరికి, బంధుజనమంతా వింటుండగా, "మెత్తగ మంచిగున్నయి వదినె, పండ్లు లేనోళ్లకు పనికొస్తయి" అని ఆమె విసిరిన వాగ్బాణం పరశురాములు ధర్మపత్ని కొమురవ్వ గుండెలో నేటికీ దిగబడే ఉన్నది.

కావున ఆ సాధ్వి పొద్దున్నే తడిబియ్యపు పిండిలో నువ్వులు, వాము కలిపి, ఏసీ గదిలో, పసిదాని మంచం పక్కనే పాత ధోవతి పరచి, వేళ్ల నడుమ పిండిని మెలిపెడుతూ చుట్టు మీద చుట్టు పోసింది. ముసురులో ఆరుబయట ఏదీ ఆరదు, ఇంట్లో పొడిగా ఉండాల్సిన చోటు అదొక్కటే. చుట్ల తడిని ధోవతి పీల్చుకున్నాకే అవి నూనెలో దిగాలి. లేదంటే లేపగానే విరుగుతాయి.

హా, దైవమా! ఎంతసేపైనా చుట్లు ఆరలేదు. అద్దం మీద ఆవిరి, గోడల మీద చెమట, కాలు పెడితే బండలు జర్రున జారుడు! ఇంతటి ద్రోహానికి ఒడిగట్టినదెవరు? ఇంకెవరు, మన వీరుడే! ఎండాకాలమంతా కూలర్‌కు కిటికీ తెరిచి బతికిన మనిషి, ఏసీ వచ్చినా ఆ కిటికీని బార్లా తెరిచే ఉంచాడు. దానిముందు నీళ్లు నింపిన కూలర్‌నూ నిలబెట్టాడు. చల్లదనానికి చల్లదనం, గాలికి గాలి అని ఆయన లెక్క.

శత్రువు విజృంభించుట గాంచి ఆ రణకోవిదుడు ఏసీని పదహారుకు దించెను. గోడలు ఇంకింత చెమర్చెను. తువ్వాలతో తుడిచెను, తుడిచినచోటే మళ్లీ చెమర్చెను.

"బాపూ, గా కిటికి ముయ్యి, కూలర్ బంద్ చెయ్యి. బయటి తడంత లోపటికి అస్తుంది" అన్నది నవనీత.

అంతట పరశురాములు తడి తువ్వాలను పైకెత్తి గర్జించెను: "ఏందే బిడ్డా! గాలి సంగతి నాకు చెప్తున్నవా? సూర్యుడు సూడని చీకట్ల, భూమి కడుపుల, ఎంతమంది పానాలు నా పంక మీద నిలవడ్డయో ఎరికేనా? గాలి ఆగిందంటె మనిషి ఆగిండన్నట్టే! నా మన్మరాలు పండుకున్న అర్రకు కిటికి మూసుడా? నా పానం పోయినా కానియ్య!"

నవ్వకండి, ఆ భయం నిజమైనదే. గాలి ఆడని చోట గుండె ఎట్లా కొట్టుకుంటుందో బొగ్గుబాయిలోకి దిగిన ఆ మనిషికి తెలుసు. పసిది పుట్టిన నాటి నుంచి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూడనిదే ఆయనకు ముద్ద దిగదు.

ఇంతలో కొమురవ్వ ఒక సకినాన్ని మెల్లగా లేపింది. అది చేతిలో ముక్కలైంది. ఆమె కండ్లలో నీళ్లు తిరిగాయి.

"ఓ నవనీత బాపు, ఒక్కటడుగుత చెప్పు. బాయిల గాలితలుపు తెరిచిపెట్టి పోయినోన్ని ఏం జేస్తవు?"

"ఏం జేస్తనా? తలుపు తెరిస్తె గాలి పోవాల్సిన కాడికి పోతదా? అడ్డదారి వడ్తది! గసొంటోన్ని అందరి ముంగట నిలవెట్టి..." వీరుని కండ్లు కిటికీ మీద పడ్డాయి.

"మరి గదేంది?" అన్నది కొమురవ్వ.

మహావీరుడు ఒక్క అంగలో కిటికీని చేరెను. కిటికీ రెక్కలు ధడాలున మూసెను! సందుల్లో పాతగుడ్డలు కుక్కెను! కూలర్‌ను వరండాకు ఈడ్చెను! పసిదాని ఊపిరి నిమిత్తం నడిమింటి తలుపు అప్పుడప్పుడు కాస్త తెరిచేలా తండ్రీకూతుళ్ల మధ్య సంధి కుదిరింది. నవనీత రిమోట్‌లో తేమను లాగే డ్రై అన్న మీట నొక్కింది. అంతవరకు ఏసీ ఎంత తేమను పట్టినా కిటికీ గుండా కొత్త సేన వచ్చి పడేది. ఇప్పుడు ఆ దారి లేదు. గోడవెనక ఏసీ గొట్టం కింది బకెట్లో చుక్క వెంట చుక్కగా రాక్షసి ఓడుతున్నది. పరశురాములు గొడుగు పట్టుకొని ఆ బకెట్ పక్కనే కాపలా కూర్చున్నాడు. అద్దం తేటపడింది. సకినాలు ఆరి, విరగకుండా లేచి, నూనెలో బుసబుస పొంగాయి.

మధ్యాహ్నం ఐలవ్వ దిగింది. ఏసీ గదిలో కూర్చోబెట్టి పళ్లెం ముందు పెట్టారు. ఆమె ఒక సకినం తీసి, తిప్పి చూసి, పండ్ల నడుమ పెట్టింది.

కటుక్!

ఆ చప్పుడుకు పసిది ఉలిక్కిపడి లేచింది. ఐలవ్వ ఇంకొకటి తీసుకున్నది. కొమురవ్వ నీళ్లు తెస్తానని వంటింట్లోకి పోయి, కొంగుతో కండ్లు ఒత్తుకొని, ఒక్కతే నవ్వుకున్నది.

"అన్నా, ఇల్లంత మూసిపెట్టిండ్రు, చంటిదానికి గాలి ఆడొద్దా? జర గా కిటికి తియ్యరాదు" అన్నది ఐలవ్వ, మూడోది కొరుకుతూ.

పరశురాములు ఒక్క ఉదుటున లేచి, చేతులు రెండూ బార చాచి కిటికీకి అడ్డం నిలిచాడు. "చెల్లె, సారె మొత్తం నీదే, కాదన. గాలితలుపు కాడికి మాత్రం రాకు!"

ఇట్లు మందమర్రి మహాసమరమున తేమాసురి సగం బకెట్ నీళ్లై మల్లెచెట్టు మొదట్లో కలిసిపోయెను. దిక్కులు పిక్కటిల్లలేదు, పూలవాన కురవలేదు. ఐలవ్వ పండ్ల నడుమ సకినం విరిగింది, చప్పుడుతో విరిగింది. జయము, జయము!