సందులు పూడ్చని వీరుడు

ముందుగా వాయుదేవునకు నమస్కారము. ఏ దేవుని కొలిచినను పూలు పండ్లు అడుగును. ఈయన మాత్రము సందు అడుగును. వేలు పట్టునంత సందైనను చాలును. ఆ మాత్రము కూడ ఇయ్యక పదకొండు సంవత్సరములు ఆ మహానుభావుని బయటనే నిలబెట్టిన ఒకానొక వీరుడు, పన్నెండవ యేట తన గర్వమును తానే వధించి జయము గొన్న విధము చెప్పెదను. దగ్గువారు ఇప్పుడే దగ్గుడు, నడుమ నాకు అడ్డు రావలదు.

మంచుగడ్డలు విరిగి గ్లోమా నది గలగల పారనారంభించిన ఏప్రిల్ మాసమున, నార్వే దేశమున, స్కోగ్‌లీ అను పల్లెయందు, గజదంతధవళవల్కలశోభితములైన భూర్జవృక్షములను నరికి, తుండెములుగా కోసి, నిలువునా పేళ్లుగా చీల్చి, ఎండుటకై ఇంటి దక్షిణపు గోడ ప్రక్కన పేర్చువాడు, కుఠారపాణి, కాష్ఠవ్యూహనిర్మాణధురంధరుడు, ముప్పదియేండ్లు భూములు కొలిచి పదవీవిరమణ చేసిన సర్వేయరు, తోర్గేరు అనువాడు కలడు. ఆయన దొంతర సామాన్యమైన దొంతర కాదు. వరుస వరుసకును రసమట్టము పెట్టి చూచుకొనును. రెండు పేళ్ల నడుమ పిసరంత సందు కనబడినచో జేబులోనుండి చెక్కముక్క తీసి సుత్తితో దిగగొట్టును. దారిన పోవువారు కార్లాపి మరీ ఫోటోలు తీసికొందురు. కట్టెల దొంతరను చూచి మనిషిని అంచనా కట్టు ఆ దేశమున ఇంతకు మించిన కీర్తి లేదు.

అయ్యా, ఇంతటి కీర్తిగల కట్టె మండునా? మండదు! గాలి చొరని ఆ కోటలోపల తడి తడిగానే యుండి, బూజు పట్టి, పొయ్యిలో పెట్టగానే బుసకొట్టి, చివరలనుండి నురుగు కక్కి, ఇల్లంతయు పొగ చేయును. కావున ఆయన ధర్మపత్ని ఇంగున్ పదకొండు శీతకాలములుగా మగని కట్టెను ఒక్కదానినైన తన పొయ్యి దరికి రానీయలేదు. ప్రతి అక్టోబరు మొదటి శనివారమున ఆమె అన్న హాల్వర్డు ట్రాక్టరు నిండ ఎండుకట్టెలు తెచ్చి, గేటు కడ రెండుమార్లు హారను మోగించి, కుమ్మరించి పోవును. హాల్వర్డు దొంతర కాకిగూడే. కట్టె మాత్రము గలగలలాడును. తోర్గేరు కట్టెలు జూన్ నెల పండుగనాడు ఊరి మంటకు పోయి, అక్కడను మండక, ఊరినంతయు దగ్గించును. ఆ హారను మోత విన్నప్పుడెల్ల మన వీరుడు పనిముట్ల గదిలో దూరి తలుపు వేసికొనును. పాపము, అంత సిగ్గు.

ఆ పన్నెండవ యేడు తోర్గేరు మొదటి పేడు చేతబట్టగానే ఇంగున్ గుమ్మములోనికి వచ్చి నిలిచెను.

“ఏమండీ, ఒక మాట చెప్తా, కోపం తెచ్చుకోకండి. ఈసారి కూడా మీ కట్టెలు బుసకొట్టాయంటే, ఈ గోడపక్క జాగా అన్నయ్యకి ఇచ్చేస్తా. తన కట్టెలు ఇక్కడే పేర్చుకుంటాడు. ఏటా ట్రాక్టరు తోలే బాధ తప్పుద్ది.”

“నా గోడ పక్కనా? ఆ కాకిగూడా?”

“కాకిగూడే. కానీ మండుద్ది. మీది చూడ్డానికి మేడ, లోపలంతా బూజు. గాలాడకపోతే కట్టె ఎట్లా ఆరుతుందండీ? సందులు వదలండి. ఆ ముక్కలు దోపడం మానండి.”

అంతట తోర్గేరు ఱొమ్ము విరిచి, “ఓ సహధర్మచారిణీ! గ్లోమా నది సాక్షిగా, ఆకాశమునందలి మేఘములు సాక్షిగా ప్రతిజ్ఞ చేయుచున్నాడను! ఈ దక్షిణహస్తము నేటినుండి ఒక్క సందును పూడ్చెనేని, అది నా హస్తమే కాదు! నా కట్టె నా యింట మండవలె, లేదా నా గొడ్డలి తుప్పు పట్టవలె!” అని గర్జింపదలచెను. నోట వచ్చినది మాత్రము “సరేలే” అని.

ఇక యుద్ధము. శత్రువు ఎవరందురు? వానయా, మంచా? కాదు, ఆయన కుడిచేయి. ముప్పదియేండ్లు భూములు కొలిచి, పదకొండేండ్లు కట్టెలు పేర్చి, వంకర కనబడినచో సహింపజాలని ఆ కరాళకరము, పేడును పెట్టగానే సరిచేయబోవును, సరిచేయరాదని మనసు అరచినచో జేబులోని చెక్కముక్క వైపు పోవును, జేబు కుట్టివేసినచో నేలమీది చితుకును వెదకును. ఎడమచేయి వచ్చి మణికట్టు పట్టి వెనుకకు లాగవలసివచ్చెను. రసమట్టమును ఆయనే తీసికొనిపోయి భార్య చేతికిచ్చి, “దాచెయ్. నేనడిగినా ఇవ్వకు” అనెను. మధ్యాహ్నమునకే పోయి అడిగెను. ఆమె ఇయ్యలేదు. నాలుగవ దినమునుండి దొంతరవైపు వీపు పెట్టి, చూడకుండ వెనుకకు చేయి చాచి పేర్చుట నేర్చుకొనెను. ఇట్టి యుద్ధము నేనెచ్చటను వినలేదు, మీరును విని యుండరు.

మే నెల వచ్చునప్పటికి దొంతర భుజమెత్తు లేచినది. ఏమి లేచినది! ఒక పేడు ముందుకు, ఒకటి వెనుకకు, ఒకటి ప్రక్కకు, నడుమ నడుమ ఆకాశము కనబడుచుండెను. పొరుగింటి బోర్గిల్డు అను వృద్ధురాలు దానిని చూచి, మాంసము దుంపలు కలిపి ఉడికించిన గిన్నెతో పరుగున వచ్చెను.

“తమ్ముడూ, ఒంట్లో బాగాలేదట కదా! డాక్టరేమన్నాడు?”

“నాకేం అక్కా, గుండ్రాయిలా ఉన్నా. ఎవరు చెప్పారు నీకు?”

“ఎవరో చెప్పాలా? నీ కట్టెలు చూశాగా. ఏడుపొచ్చేసింది నాకు. చెయ్యి పడిపోయిందేమో అనుకున్నా. ఇదిగో, వేడి మీద తిను.”

తోర్గేరు ఆ గిన్నెను అందుకొని తినెను. అవమానము అవమానమే గాని, కూర బాగుగ నుండెను.

అంతకంటె ఘోరమైన దినము మే పదునేడు. ఆ దేశపు పెద్దపండుగ. ఊరు ఊరంతయు కొత్త దుస్తులు ధరించి, జెండాలు పట్టి, బూరల మేళముతో ఊరేగుచు సరిగా తోర్గేరు ఇంటిముందునుండియే పోవును. ఆ యుదయమున ఆయన వెండిబొత్తముల కోటు తొడిగి, ఒక చేత జెండా పట్టి, వాకిట నిలిచి దొంతరను చూచెను. ముందు వరుస ఒక్కటి, కేవలము వీధికి కనబడు ఆ ఒక్క వరుస మాత్రము సర్దినచో తప్పేమి? అరగంట పని. ఊరేగింపు పోయిన పిమ్మట మరల వంకర చేసికొనవచ్చును. ఇట్లు ఆలోచించుచుండగానే వ్రేళ్లు ఒక చితుకును పట్టి ఒక సందులోనికి సగము దూర్చెను.

కిటికీలోనుండి, “ఏమండీ! చెయ్యి!” అని కేక వినబడెను.

చితుకు క్రింద పడెను. మేళము మలుపు తిరిగి వచ్చెను. దొంతరను చూచిన పెద్దబూరవాడు స్వరము తప్పెను. వానివెనుక డప్పువాడు తాళము తప్పెను. జనము కొంచెము ఆగి, ఒకరి మొగము ఒకరు చూచుకొని, మరల నడిచిరి. ఆ జనములో ఎఱ్ఱని మొగముతో, చేత జెండాతో హాల్వర్డు.

“ఏంటి బావా, ట్రాక్టరేమన్నా గుద్దిందా?”

“గాలి కోసం బావా.”

“గాలా! గుర్రం దూరిపోయేట్టుందిగా! రాత్రికి గొర్రెల్ని ఇందులో తోలనా?”

జనమంతయు నవ్వెను. తోర్గేరు ఏమి చేయును? చేతిలోని జెండాను ఎత్తి, “హుర్రా!” అని అందరికంటె గట్టిగా అరచెను. దేశభక్తియని అందరు అనుకొనిరి.

జూలైలో పన్నెండు దినములు వాన. దొంతర నెత్తిన రేకులు తప్ప ప్రక్కల టార్పాలిను పట్టా కప్పరాదని ఇంగున్ ఆజ్ఞ. ఆయన కిటికీ కడ కూర్చుండి, ఒక్కొక్క చినుకును తన ఒంటిమీద పడినట్లే సహించెను. వాన వెలసిన పిమ్మట ఆగస్టు గాలి నదిమీదుగా వచ్చి, సందు సందులోను దూరి, ఇటు దూరి అటు తేలి, పదకొండేండ్ల బాకీ తీర్చుకొన్నట్లు వీచెను. ఆరుచున్న గురుతుగా కట్టెల చివరలు నెఱ్ఱెలిచ్చెను. తోర్గేరు ఎవరికిని చెప్పలేదు. చెప్పుటకు భయమాయెను.

అక్టోబరు మొదటి శనివారము. గేటు కడ హారను రెండుమార్లు మోగెను. ట్రాక్టరు వెనుక నిండుబండి. తోర్గేరు ఈసారి పనిముట్ల గదిలోనికి పోక, వాకిట నిలబడెను.

“దించొద్దన్నయ్యా, ఆగు,” అని ఇంగున్ చేతులు తుడుచుకొనుచు వచ్చెను. “ముందు ఈయనవి చూద్దాం. కట్టె నువ్వే తియ్యి.”

హాల్వర్డు తక్కువవాడా? పైకట్టె తీయలేదు, అంచుకట్టె తీయలేదు. భుజము వరకు చేయి దూర్చి, దొంతర గర్భమునుండి, ఏ పచ్చికట్టెయైన దాగునట్టి చోటునుండి ఒక పేడును పెరికి తెచ్చెను. ముగ్గురును వంటింటిలోనికి పోయిరి. ఇంగున్ గిన్నెలు కడుగు సబ్బును పేడు ఒక చివర చిక్కగా పూసెను. రెండవ చివర నోరు పెట్టి ఊదవలెను. కట్టె లోనున్న నాళములు ఆరి తెఱచుకొని యున్నచో గాలి ఆ ప్రక్కకు పోయి సబ్బు పొంగును. తడి యున్నచో పొంగదు. ఆ యూరి న్యాయస్థానము అదియే.

తోర్గేరు ఊదెను. ఏమియు లేదు. మరల ఊదెను. చెవులు ఎఱ్ఱనాయెను. మూడవమారు, ప్రళయకాలఝంఝామారుతసమానమైన నిశ్వాసముతో, కనుగ్రుడ్లు వెలికి రాగా ఊదెను. సబ్బు కదలలేదు.

“బావా, గుండె జాగ్రత్త. అది కట్టె, బూర కాదు,” అని హాల్వర్డు ముక్కుమీదికి కళ్లద్దాలు జార్చి, చివర దగ్గర మొగము పెట్టి చూచుచు, “పోనీలే, ఆ జాగా నేను శుభ్రంగానే ఉంచుతాలే” అనెను.

పదకొండేండ్లు మగని కట్టెను కాదన్న ఆ యిల్లాలు, వచ్చి ఆయన వీపుమీద చేయి వేసెను. “ఇంకొక్కసారండీ,” అనెను, మెల్లగా.

ఆయన ఊదెను.

సబ్బులో మిరియపుగింజంత పొంగు కనబడెను. పొంగు శనగగింజంత ఆయెను. అది కిటికీవెలుగున ఏడు రంగులు పొంది, వణకి, లేచి, హాల్వర్డు ముక్కుకొనను తాకి టప్పుమనెను.

హాల్వర్డు ముక్కు తుడుచుకొని, ఆ పేడును తీసికొని, తానే పొయ్యిలో పెట్టెను. మంట దానిని పట్టెను. బుస లేదు, నురుగు లేదు. చిటపటమని పండుగవలె మండెను.

“వెధవ కట్టె, బాగానే ఆరింది,” అని హాల్వర్డు గొణిగెను. “సగం నేనే నేర్పా.”

“బండి తిప్పుకో అన్నయ్యా,” అని ఇంగున్ చెప్పెను. “కాఫీ తాగి వెళ్లు.”

తోర్గేరు పొయ్యి ముందు పీటమీద కూర్చుండి మంటను చూచుచుండెను. ఇంగున్ వంగి ఆయన మొగము చూచెను.

“ఏమైందండీ? కళ్లలో నీళ్లేంటి?”

“పొగ.”

“పొగేదీ?”

నిజమే, ఇసుమంతయు పొగ లేదు. వినుడు, వినుడు! ఆ అక్టోబరు శనివారమున, ఉదయము పదకొండు గంటలకు, స్కోగ్‌లీ పల్లెలో, నిండుబండితో బావగారు వెనుకకు ట్రాక్టరు తిప్పలేక గేటు కడ తిట్టుకొనుచుండగా, పొగలేని పొయ్యి యెదుట పొగవలన ఏడ్చినవాడు, శనగగింజంత బుడగకు తండ్రి, తోర్గేరు జయించెను!