ఇల్లు కనుక్కోండి చూద్దాం

ఆ ఉదయం ఆర్కిటెక్ట్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కొండ కింద కారు దిగే పెద్దావిడను కాలిబాట వెంట పైకి తీసుకొస్తాడు. ఇంటికి కూతవేటు దూరం కూడా లేనిచోట ఆపి, "ఇల్లెక్కడుందో కనుక్కోండి చూద్దాం" అంటాడు. ఆవిడ నలువైపులా చూసి, కనబడక ముక్కున వేలేసుకుంటుంది. అప్పుడు ఈయన చెయ్యి చాపి చూపిస్తాడు. ఆ చెయ్యి చాపడం ఒక్కటీ అద్దం ముందు నిలబడి తెగ ప్రాక్టీసు చేశాడు పాపం.

ఇల్లు అలాంటిదే మరి. కొండవాలును కొంత తొలిచి, మందంగా మట్టిగోడలు లేపి, కప్పు మీద మట్టి పోసి గడ్డి పెంచాడు. పైనుంచి చూస్తే కొండే. కిందినుంచి చూసినా కొండే. కరెంటు తీగ లేదు, మునిసిపాలిటీ కుళాయి లేదు. రాళ్ళ మధ్య దాచిపెట్టిన సోలార్ పలకలు పగలంతా ఎండ కాచుకుని సాయంత్రం దీపాలు వెలిగిస్తాయి. కప్పు మీద కురిసిన వాన గడ్డిలోంచి వడకట్టుకుంటూ తీరిగ్గా తొట్టిలోకి దిగుతుంది. తెల్లవారి తలుపు తీస్తే లోయ నిండా మబ్బు, ఆ మబ్బు మీద ఎదుటి కొండ నిద్ర లేవకుండానే తేలుతూ ఉంటుంది. చూస్తూ నిలబడితే పొయ్యి మీద పాలు పొంగిపోయినా తెలియదు.

ఆర్కిటెక్ట్ భార్యకూ ఆ ఇల్లంటే ఇష్టమే. ఆవిడ పేచీ అంతా మనుషులతో, అంటే మనుషులు లేకపోవడంతో. భర్త పొద్దస్తమానం గీతలు గీసుకుంటూ ఉంటాడు. వాళ్ళతోనే ఉంటున్న ఆవిడ తండ్రి రిటైరైన స్టేషన్ మాస్టరు, ఆయన మాట్లాడేదంతా ఎప్పుడో ఆలస్యమైన రైళ్ళ గురించి. చూడవచ్చిన చుట్టాలు ఇల్లు దొరక్క సగం దారిలోంచే తిరిగిపోయి, మమ్మల్ని రమ్మని మీరే దాక్కున్నారని నిష్ఠూరాలాడారు. ఆవిడ ఓపిక పట్టి, పట్టి, ఒకరోజు తేల్చి చెప్పేసింది.

"ఇరుగూ పొరుగూ లేకుండా నా వల్ల కాదండీ. ఈ వానలు వెలిసేలోపు పక్కన ఒక్క ఇల్లైనా ఖాయం కాకపోతే నేనూ నాన్నా టౌనుకి వెళ్ళిపోతాం. మీరూ వస్తానంటే సంతోషం."

అన్నమాట ప్రకారం పెట్టె కూడా సర్దింది. ఆర్కిటెక్ట్‌కు భార్య లేని ఇల్లూ వద్దు, ఇల్లు లేని బతుకూ వద్దు. సరిగ్గా అప్పుడే రిటైరైన జడ్జిగారొకావిడ కబురు పంపారు. ఆవిడకూ, ఇద్దరు చెల్లెళ్ళకూ అదే కొండ మీద ఇళ్ళు కావాలట. ముందు ఆయన ఇల్లు చూసి, నచ్చితేనే మిగతా మాట. నచ్చితే పక్కనే మూడు ఇళ్ళు. నచ్చకపోతే, సర్దిన పెట్టె తలుపు దగ్గరే ఉంది.

అందుకని ఆయన ఇంట్లోవాళ్ళకు గట్టిగా జాగ్రత్తలు చెప్పాడు. పొగ రాకూడదు. బట్టలు ఆరేయకూడదు. దీపం బయటికి కనబడకూడదు. గోడల గొప్ప చూపించడానికి మధ్యలో తనే పేరుపెట్టి కేకలేస్తాడు, అయినా సరే, టకటకా తట్టిన చప్పుడు వినబడేదాకా పలకకూడదు. భార్య ఇంకో నాలుగు ఆకులు ఎక్కువే చదివింది. బాట మీది పలకరాళ్ళను ఎండుటాకులతో కప్పేసింది. తలుపు మీదికి తీగలు లాగింది. గుమ్మంలో చెప్పులు కూడా లోపలికి తెచ్చేసింది. పొరుగింటి మీద ఆశ మనిషిచేత ఏ పనైనా చేయిస్తుంది.

జడ్జిగారు చేతికర్ర, శాలువాతో వచ్చారు. జీవితమంతా ఇతరులు చెప్పేది వినడంతోనే సరిపోయిందో ఏమో, మాట పొదుపు. ఇద్దరూ సగం కొండ ఎక్కేసరికి లోయలోని మబ్బు తనూ కొండెక్కుదామనుకుంది. చూస్తూ చూస్తూ చెట్లు పోయాయి, రాళ్ళు పోయాయి, జడ్జిగారి చేతికర్ర కొస కూడా పోయింది. లోకమంతా తెల్లగా, మెత్తగా అయిపోయింది. ఆర్కిటెక్ట్ తడుముకుంటూ నడిచి, అలవాటైన చోటే అనుకున్న చోట ఆగి, గొంతు సవరించుకున్నాడు.

"ఇల్లెక్కడుందో కనుక్కోండి చూద్దాం."

జడ్జిగారు అటూ ఇటూ చూసి, కనబడటం లేదని ఒప్పుకున్నారు. ఆయన మురిసిపోతూ చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి మాత్రం మోచేతి దాకా కనబడింది. అటు ఇల్లు లేదు. ఇంకోవైపు చాపాడు. అటూ లేదు.

తప్పిపోయానని అప్పుడే ఒప్పేసుకుంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ తను కట్టిన ఇల్లు తనకే దొరకలేదని చెప్పడానికి నోరు రాలేదు. ముందు స్థలం చూపిస్తానని ఆవిడను బయల్దేరదీశాడు. గాలి ఎటు వీస్తుందో చెప్పాడు, నీరు ఎటు పారుతుందో చెప్పాడు, ఒకే బండరాయిని ముచ్చటగా మూడుసార్లు పరిచయం చేశాడు. మూడోసారి జడ్జిగారు ఆ రాయికి తలూపి పలకరించారు. ఇక లాభం లేదని ఆయన గోడల పరీక్ష వంక పెట్టి భార్యను పిలిచాడు. మొదట దర్జాగా పిలిచాడు. తర్వాత బతిమాలుతున్నట్టు పిలిచాడు. ఆఖరికి మామగారిని కూడా పిలిచాడు.

లోపల ఆ కేకలన్నీ దూరంగా, కలలోంచి వచ్చినట్టు వినబడుతూనే ఉన్నాయి. భార్య చెవులొగ్గి విని, ఈయనలో ఇంత నటన ఉందనుకోలేదని మెచ్చుకుంది. స్టేషన్ మాస్టరుకు మాత్రం అనుమానం వచ్చింది.

"అమ్మాయ్, గొంతు వణుకుతోందే. అల్లుడుగారు నిజంగానే దారి తప్పారేమో."

"ఊరుకో నాన్నా. ఆయన కట్టిన ఇల్లు ఆయనకి తెలీదా?"

పైన ఆర్కిటెక్ట్ జడ్జిగారిని కదలొద్దని చెప్పి, అటుగా ఒకసారి చూసొస్తానని వెళ్ళి, మబ్బులో కలిసిపోయాడు. ఆయన కేకలు కాసేపు కుడివైపు, కాసేపు ఎడమవైపు వినిపించి, క్రమంగా సన్నబడ్డాయి. జడ్జిగారికి కాళ్ళు పీకుతున్నాయి. ఉన్నచోటే గడ్డిలో చతికిలబడ్డారు. చిత్రంగా ఆ గడ్డి వెచ్చగా ఉంది. చెప్పులు విడిచి పాదాలు ఆనించారు. ఎవరూ వాదించడం లేదు, ఎవరూ వాయిదా అడగడం లేదు. ఇంత హాయి ఎప్పుడు ఎరుగుదునా అని ఆలోచిస్తూ పక్కన చెయ్యి వేస్తే గడ్డికి బదులు నున్నగా గాజు తగిలింది. శాలువా కొంగుతో మంచు తుడిచి చూశారు. నేల అడుగున చిన్న గది. గదిలో దీపం. దీపం పక్కన ఒకామె పెదవుల మీద వేలుంచుకుని ముసలాయన్ను ఊరుకోమంటోంది. కల కాబోలనుకున్నారు జడ్జిగారు. అయినా మర్యాద మర్యాదే కనుక చేతికర్రతో గాజు మీద టకటకా తట్టారు.

"ఎవరండీ?" అంది ఇల్లాలు, పైకి చూసి, చుట్టాలు వచ్చిన సంబరమంతా మొహంలో పెట్టుకుని.

ఆవిడ బయటికొచ్చి జడ్జిగారిని లోపలికి పిలిచిన గొంతు పట్టుకుని ఆర్కిటెక్ట్ కూడా ఇంటికి చేరాడు, మోకాళ్ళ నిండా బురదతో. ఇక భార్య పెట్టె పట్టుకుని బయల్దేరడమే తరువాయి అనుకుని ఓ మూల కూర్చున్నాడు. జడ్జిగారు పొయ్యి దగ్గర చలి కాచుకుంటూ, ఆలస్యమైన రైలు కథ ఒకటి పూర్తిగా విని, అప్పుడు తీర్పు చెప్పారు.

"ఇల్లు నాకు నచ్చింది బాబూ. మేం అక్కచెల్లెళ్ళం ఒకళ్ళని విడిచి ఒకళ్ళం ఉండలేం. ఎదురుపడితే మాత్రం పోట్లాటే. పక్కపక్కనే ఉండాలి, ఒకరి కంట ఒకరం పడకూడదు. మూడూ అచ్చం ఇలాగే కట్టు."

ఆర్కిటెక్ట్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. భార్య మొహం మాత్రం చిన్నబోయింది. పొరుగు దొరికింది, కానీ కనబడకుండా ఉండటమే కోరి వస్తున్న పొరుగు. మాటిచ్చింది కాబట్టి పెట్టెలోంచి చీరలు తీసి బీరువాలో పెట్టుకుంది, ఒక్కొక్కటే, ఉసూరుమంటూ.

ఇళ్ళు లేచాయి. లేచాయన్నది ఆర్కిటెక్ట్ మాటే, చూసినవాళ్ళు లేరు. అక్కచెల్లెళ్ళు ముగ్గురూ దిగారు, ఎవరి తలుపు వాళ్ళు వేసుకున్నారు, కొండ మళ్ళీ కొండలాగే పడుకుంది. మబ్బు పట్టిన మొదటి ఉదయం ముగ్గురూ వేరువేరుగా నాలుగడుగులు నడిచొద్దామని బయటికొచ్చారు. ముగ్గురికీ తిరిగి వెళ్ళడానికి ఇల్లు దొరకలేదు. ఎక్కడో ఉల్లిపాయలు వేగుతున్న వాసన పట్టుకుని, తడుముకుంటూ, ఆర్కిటెక్ట్ ఇంటి కప్పు మీద ఒకరికొకరు తగిలారు. ఇల్లాలు పళ్ళెంతో పైకెక్కేసరికి గొడవ మంచి రసపట్టులో ఉంది. ఇద్దరికి సర్దిచెప్పింది, ఒకరిని రెచ్చగొట్టింది, మధ్యలో తన పుట్టింటి సంగతులన్నీ చెప్పుకుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వి నవ్వి.

ఆ కొండ మీద మబ్బు పట్టని రోజు తక్కువ. పని మీద కిందికెళ్ళిన ఆర్కిటెక్ట్ ఇప్పుడు ఎంత మబ్బులోనైనా ఆ నలుగురి మాటలు వినబడే దిక్కుకు నడిచి తిన్నగా ఇంటికి చేరుకుంటున్నాడు. ఆ ఏర్పాటు కూడా మొదటి నుంచీ తన ప్లానులో ఉన్నదేనని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు.