ముప్పై రెండు పేజీల నివేదిక

"జమ్మలమడుగు దొంగలకు నేటితో ఆయువు మూడింది! నేరపరిశోధనా శాస్త్రమే కాళ్ళొచ్చి ఈ మండపానికి నడిచొచ్చింది!"

బడిపంతులు లక్ష్మీనరసయ్య ఇలా ప్రకటించగానే అర్చకుడు రామమూర్తి గుడి తాళాలగుత్తిని గట్టిగా పట్టుకున్నాడు.

పోయింది తీర్థమిచ్చే వెండి ఉద్ధరిణి. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి; ధనుర్మాసం. ఆవేళ ఉభయం, అంటే గుడిలో ఆనాటి పూజ ఖర్చు, బట్టల కొట్టు వీరభద్రయ్యది, ధర్మకర్తా ఆయనే. "రేపు మధ్యాహ్నానికి దొరకలేదంటే తాళాలు ఈడ పెట్టి పో" అనేశాడు. రామమూర్తిది పదిహేనేళ్ళ కొలువు.

పంతులు తీర్థపు పళ్ళెం వాసన చూశాడు. గడపను జానలతో కొలిచాడు. రామమూర్తి ఎడమ చెవిని భూతద్దంలో పరీక్షించి "ఊఁ!" అన్నాడు.

మర్నాడు ముప్పై రెండు పేజీల నివేదికతో వచ్చాడు. చలికి అందరూ ఎండలో కూర్చున్నారు. గాలికి కాగితాలు లేస్తుంటే, అర్చకుడి భార్య అనసూయ నిన్నటి ఉభయంలో మిగిలిన నెయ్యి గాజు జాడీని తెచ్చి వాటిమీద పెట్టింది.

పంతులు ఒక్కొక్క కాగితం లాగి చదవసాగాడు. "ప్రస్తుత వస్త్వభావ సమస్యను చతుర్విధ దృక్కోణ సమన్వయంతో విశ్లేషించగా, అపహరణోన్ముఖ ప్రవృత్తికి సామీప్యమే ప్రథమ ప్రేరకమని..."

"అంటే?" అన్నాడు వీరభద్రయ్య.

"సాన్నిధ్య హేతువాదం."

"అంటే ఏందప్పా?"

"దగ్గరున్నవాడే అనుమానితుడు."

"ఈయనే దొంగ అని చెప్పనీకి ఇంత కతనా? కర్నూలు అసెంబ్లీలో కూడా ఇంతసేపు మాట్లాడరు!"

అనసూయ ఊరుకోలేదు. "ఎవరన్నా చూసినారా అయివారూ?"

"చూపు స్థూల ప్రమాణమమ్మా. నాది సూక్ష్మ పద్ధతి."

రామమూర్తి తల వంచుకున్నాడు. తాను చదివే మంత్రానికి అర్థమేందని ఎవరడిగినా రెండు ముక్కల్లో చెప్పగలడు. ఈయన తన మాటకు తనే అర్థం చెప్పలేకున్నాడు. అయినా ఆ మాటలతోనే తన కొలువు పోతోంది. ఇదేం న్యాయం స్వామీ?

ఎండ ఎక్కింది. ఇరవై తొమ్మిదో పేజీ దగ్గర జాడీలో ఏదో 'టంగ్'మంది.

తెల్లగా గడ్డకట్టిన నెయ్యి కరిగిపోయింది. అందులో ఉద్ధరిణి!

అందరూ వీరభద్రయ్య వైపు చూశారు. ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నిన్న కాగిన నెయ్యి దీపంలో పోయనీకి... చేతికి అందిందని... అందులోనే వదిలేసినట్టుండా."

తీర్థపు ఉద్ధరిణిని నేతిలో ముంచకూడదని ధర్మకర్తకూ తెలుసు. "తాళాలు నీ దగ్గరే ఉండనీ స్వామీ" అన్నాడు, నేలచూపులు చూస్తూ.

"చూశారా, నా పద్ధతి ఫలించింది!" పంతులు రొమ్ము విరిచాడు. "ఇంకా మూడు పేజీలుండాయి..."

అనసూయ చేతులు జోడించింది. "మీ పుణ్యమే అయివారూ. పొద్దున్నే ఒక్క ముక్కలో చెప్పేసింటే నెయ్యి కరిగేది కాదు, మా కొలువు నిలిచేదీ కాదు."