గురకకు దారివ్వండి

"ఇవాళ పది నలభైకి పాస్," అన్నాడు పంపకాలయ్య ఫోన్లో, ఒంటిచేత్తో చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"బాసా? మనింటికా?" చెవి కాస్త మందమైన మామగారు కుర్చీలోంచి లేచారు. "ముందే చెప్పొద్దూ అల్లుడుగారూ, గడ్డం గీసుకునేవాణ్ణి!"

"బాస్ కాదు మామయ్యగారూ, పాస్. ఉపగ్రహం మన నెత్తిమీదుగా వెళ్లే టైము."

"నెత్తిమీదుగా పోయేవాడికి గడ్డం ఏం కనిపిస్తుందిలే," అని మళ్లీ కూర్చున్నారు.

ఆ ఉపగ్రహం భూమి చుట్టూ తిరిగేదే అయినా, కిందుగా తిరుగుతుంది గనక, ఎవరికైనా చుట్టపుచూపుగానే కనబడుతుంది. వచ్చిందంటే పదకొండు నిమిషాలు. ఆలోపే సముద్రం మధ్య దీవిలోని ఆసుపత్రి, చేపల పడవలు, వాతావరణ కేంద్రం తమ కబుర్లన్నీ దానికి అందించాలి. దారి ఇరుకు, జనం బారెడు. ఎవరికెంత దారి అన్నది తేల్చేది మనవాడే. అతను పంపకం చేస్తేనే అక్కడ పంపడం. అందుకే ఆ పేరు. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఈమధ్య కొత్త పద్ధతి ఒకటి రాశాడు. ఒకరు వాడుకోని వాటా క్షణమైనా ఖాళీగా ఉండదు, అవసరమున్నవాళ్లకు పోతుంది. ఆపద కబురొస్తే మాత్రం అందరి వాటా దానికే. ఇవాళ దాన్ని డైరెక్టరమ్మకు చూపించాలి.

పరీక్ష కోసం పడవల్లో అమర్చే కబుర్ల డబ్బాల్లో ఏడో నంబరుది ఇంటికి తెచ్చి డాబా మీద పెట్టాడు. దానికి ఆపద గుర్తు తగిలించి చూస్తే చక్కగా పనిచేసింది. ఆ సంబరంలో గుర్తు తీసేయడం గుర్తులేకపోయింది.

అతను గడప దాటగానే భార్య డబ్బాను చూసి, ఊరికే పడి ఉందిగదా అనుకుంది. రాత్రంతా గురకపెట్టి, తెల్లారాక "నేనా? గురకా?" అని దబాయించే నాన్నను ఆరు గంటలపాటు వీడియో తీసి ఉంచింది. ఆయన్ని చూసే డాక్టరు పంపమన్నాడు. డబ్బాలోకి ఎక్కించి మీట నొక్కింది.

పది నలభై అయింది. ఆఫీసు తెర మీద పచ్చగీతలన్నీ లేచినట్టే లేచి చతికిలబడ్డాయి. ఒక్క ఎర్రగీత నిలబడింది.

"ఆపద! ఏదో పడవ మునుగుతోంది!" అని అరిచాడు రేడియో ఆపరేటరు.

"శభాష్!" అంది డైరెక్టరమ్మ. "మనం చెప్పకుండానే అందరి వాటా వాళ్లకిచ్చేసింది. ఇదయ్యా పద్ధతంటే!"

గస్తీ నౌక బయల్దేరింది. చుట్టుపక్కల పడవలు వలలు పైకి లాగి వెతకడం మొదలెట్టాయి. పంపకాలయ్య సిగ్గుపడుతూ నవ్వి, తెర మీద డబ్బా నంబరు చూశాడు. ఏడు. నవ్వు అక్కడే ఆగింది; సిగ్గు మాత్రం రంగు మార్చుకుని కొనసాగింది.

మూలకు పోయి ఫోన్ చేశాడు. "డాబా మీద డబ్బాతో ఏం చేస్తున్నావ్?"

"నాన్న గురక పంపిస్తున్నా. ఎంత స్పీడుగా పోతోందో! మీరు ఆఫీసులో నిజంగానే పనిచేస్తారన్నమాట."

"ఆపెయ్!"

"నొక్కుతున్నా, ఆగట్లేదండీ."

ఆగదు. ఆపద కబురు మధ్యలో తెగకూడదని రాసింది తనే. తెంచాలంటే డైరెక్టరమ్మే తెంచాలని రాసిందీ తనే. ఆవిడేమో పక్కవాళ్లకు ఇతని తెలివిని వర్ణిస్తోంది. అప్పటికి ఆరు నిమిషాలు గడిచాయి.

ఇంతలో, మాటల కోసం అందరికీ ఎప్పుడూ తెరిచి ఉంచే సన్నని దారిలో దీవి డాక్టరు గొంతు వినిపించింది. "అమ్మా, మెట్ల మీంచి పడ్డ పిల్ల మెడ ఎక్స్‌రే పంపుతుంటే కదలట్లేదు. పట్నంలో పెద్ద డాక్టరుగారు చూసి చెప్పేదాకా పిల్లని కదపకూడదు. నేనే తల పట్టుకుని కూర్చున్నా."

"ఏదో పడవ మునుగుతోంది డాక్టరుగారూ," అంది డైరెక్టరమ్మ.

"అయ్యో! అయితే ముందు వాళ్లకే ఇవ్వండి. మళ్లీ గంటన్నరకు వస్తుందిగా, ఆగుతాం. నా చేతులు లాగితే నర్సమ్మ పట్టుకుంటుంది."

పంపకాలయ్య చెవులు కాలిపోయాయి. తల పట్టుకోవాల్సినవాడు ఇక్కడుంటే, పట్టుకున్నవాడు అక్కడున్నాడు.

"మేడమ్... అది పడవ కాదండీ. మా డాబా."

"డాబా మునుగుతోందా?"

"మా మామగారు గురకపెడుతున్నారండీ."

డబ్బా, గుర్తు, భార్య, వీడియో అన్నీ ఒక్క ఊపిరిలో కక్కేశాడు. ఆవిడ మీట నొక్కింది. ఎర్రగీత పడిపోయింది, ఎక్స్‌రే కదిలింది. ఇంకా నిమిషముందనగా పెద్ద డాక్టరు తేల్చాడు: "ఎముక బాగుంది. పిల్లని లేపొచ్చు."

పంపకాలయ్య ఊపిరి పీల్చుకున్నాడు. రేడియో ఆపరేటరు దగ్గాడు. "సార్, ఇందాకట్నుంచీ మైకు తెరిచే ఉంది."

అంటే దీవీ, గస్తీ నౌకా, ముప్ఫైరెండు పడవలూ అంతా విన్నాయి.

"వలలు మళ్లీ వేసుకోవచ్చా అన్నా?" అంది ఒక పడవ.

"ఆరు గంటలా! మా ఇంజను కూడా అంతసేపు ఆడదే!" అంది ఇంకొకటి.

"పోన్లెండి, ఎవరూ మునగలేదుగా," అన్నాడు దీవి డాక్టరు. అన్నిటికంటే ఆ మాటే అతన్ని ఎక్కువ ముంచింది.

"పద్ధతి బాగానే ఉందయ్యా. పద్ధతిగా ఉండాల్సింది నువ్వు," అంటూ డైరెక్టరమ్మ ఆపద నివేదిక ఫారం ముందుకు తోసింది.

ఆపద రకం అన్న గడిలో 'గురక' అనీ, ప్రాణనష్టం అన్న గడిలో 'లేదు' అనీ రాశాడు. పరువు నష్టానికి ఆ ఫారంలో గడి లేదు.