బాబిన్‌కు వేరే గిన్నె

ఏలూరులో కుట్టుమిషన్లు బాగుచేసే ముబారక్, ఆ ఉదయం దుకాణం తెరిచేలోగా ఒక కుక్కకు వంట చేయించాలనుకున్నాడు. దుకాణం మెట్ల మీద పడుకునే ఆ వీధికుక్కకు ఆయనే బాబిన్ అని పేరు పెట్టాడు. ఇంట్లో మిగిలిన కూరా ఎముకలూ దానికే వేసేవాడు. ముందురోజు కోడి ఎముక గొంతుకు అడ్డుపడి అది విలవిల్లాడితే, ఎత్తుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తాడు.

డాక్టరమ్మ హెప్సిబా ఎముక బయటికి తీసింది. ఉడికిన ఎముక పెచ్చులుగా విరిగి పేగులకు గుచ్చుకుంటుందనీ, ఉల్లీ వెల్లుల్లీ కుక్క రక్తానికి చేటనీ, ఉప్పూ మసాలా వద్దనీ చెప్పింది. ఏ మిషనైనా విప్పి చూస్తే తప్ప ముబారక్‌కు తోచదు. కుక్క పొట్ట సంగతీ ఆయనకు అలాగే అనిపించింది. మరి గుమ్మడికాయో, పెరుగో, కొల్లేటి చేపో అని అడుగుతూనే ఉన్నాడు. గుమ్మడి ఉడికించి పెట్టవచ్చు, పెరుగు కొంచెమైతే ఫరవాలేదు, చేపకు ముళ్ళు తీయాలి, ద్రాక్ష మాత్రం విషమే అని ఆవిడ చెప్పింది. వెనక గేదెతో వచ్చినాయన దగ్గితే గానీ ముబారక్ బల్ల దగ్గర్నుంచి కదల్లేదు.

అందుకే ఇప్పుడు ఆయన భార్య రబియా బియ్యంలో ఎముకల్లేని కోడిమాంసం, గుమ్మడి ముక్కలు వేసి ఉడికిస్తోంది. కరివేపాకు కోసం వచ్చిన పొరుగింటి హఫ్సా గిన్నెలోకి తొంగిచూసి, ఉల్లిపాయ లేకుండా కోడి ఏమిటని అడిగింది.

"ఇక రోజూ ఇంతేనండి. డాక్టరు గారు ఉప్పు కూడా వద్దన్నారు," అంది రబియా.

ఎవరికని హఫ్సా అడగలేదు. కొన్ని అడగకూడదనుకుంది. ముబారక్‌కేదో జబ్బని వీధిలో చెప్పడానికి మాత్రం ఆ మొహమాటం అడ్డురాలేదు.

ఎండెక్కేసరికి, రిపేరుకు బేరమాడే ఆడవాళ్ళు అడిగినంతా ఇచ్చి, మెల్లగా మాట్లాడి వెళ్ళసాగారు. ఒకావిడ ద్రాక్షపళ్ళ సంచి బల్ల మీద పెట్టింది. ముబారక్ మెట్ల మీది బాబిన్ వైపు చూస్తూ, "ద్రాక్ష మాకిప్పుడు విషమేనండి," అన్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగింది.

ఆ కబురు తాడేపల్లిగూడెం చేరింది. అక్కడ ఇలియాస్ ఉల్లిపాయల టోకు వ్యాపారి. ఆయన కొడుకు ఆరిఫ్‌కూ, ముబారక్ కూతురు ఖుష్బూకూ పెళ్ళి కుదిరింది. వియ్యంకుడు ఉల్లిపాయ మానేశాడని వినగానే మొదట వ్యాపారిగా నొచ్చుకున్నాడు. ఆ తరవాత, ఏ పెద్ద జబ్బు దాస్తున్నారోనని కంగారుపడి బస్సెక్కాడు.

వచ్చీ రాగానే వంటింట్లోకి నడిచి, పొయ్యి మీది గిన్నెలోంచి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. రబియా వారించబోయేలోగా మింగేశాడు కూడా. ముబారక్ తలవంచుకుని, అది కుక్కకు వండిందని చెప్పాడు.

"బావగారూ, అబద్ధానికైనా కాస్త అందం ఉండాలండి. కుక్కకు ఎముకలు తీసి పెడతారా ఎవరైనా?"

చూపిద్దామని మెట్ల దగ్గరికి తీసుకెళ్తే బాబిన్ ఎటో తిరగడానికి పోయింది. తలుపు వెనక నిలబడ్డ ఖుష్బూ ముఖం చూసేసరికి ముబారక్‌కు పెళ్ళి తప్పిపోతుందేమోనని భయమేసింది. తనకే రోగమూ లేదని నిరూపించడానికి ఒక ఉల్లిపాయ, రెండు పచ్చిమిరపకాయలు తెచ్చి అందరి ముందూ కరకరా నమిలాడు. మిరపగింజ గొంతుకు అడ్డంపడింది. దగ్గుతో కళ్ళు తేలేశాడు. ఇక దాపరికం దేనికని, ఇలియాసే ఆయన్ని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరు అన్నీ చూసి, ముబారక్ గుండ్రాయిలా ఉన్నాడని తేల్చాడు. పక్కనే చెమటలు కక్కుతున్న ఇలియాస్‌ను మాత్రం కూర్చోబెట్టి, బి.పి. చూసి, మళ్ళీ చూసి, ఇంతకాలం ఎలా తిరుగుతున్నారండీ అని అడిగాడు. మందులు రాసి, ఉప్పు బాగా తగ్గించమన్నాడు. నూనె, మసాలా మానేసి ఉడికించినవే తినమన్నాడు.

తిరుగు దారిలో ఇలియాస్ జబ్బుల ఊసెత్తలేదు. పెళ్ళి అనుకున్న రోజునే చేద్దామని మాత్రం అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన భార్య రబియాకు ఫోన్ చేసింది.

"వదిన గారూ, నిన్న ఈయన మీ ఇంట్లో రుచి చూశారంట కదండీ, అదెలా వండాలో కాస్త చెబుతారా?"

రబియా ఓపికగా అంతా చెప్పి, అన్నయ్యగారికైతే ఉల్లిపాయ వేయవచ్చండీ అంది.