వెల్ ప్లేస్డ్

ఆ శనివారం పొద్దున చిక్కపేట బజారుకు వెళ్లి పరదా గుడ్డ తెచ్చుకోవాలని మాత్రమే బాలాత్రిపురసుందరి అనుకుంది. ఫోను చూస్తూ కాఫీ తాగుతున్న భర్త లోకనాథం ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

"మా బాసు సుమ మేడమ్ మెయిల్ పెట్టింది. నా ఎక్స్‌పీరియన్సుకు నేను వెల్ ప్లేస్డ్ అంట! మిగతాది సోమవారం మాట్లాడదామని ఉండాది."

"అట్లంటే ఏందప్పా?"

"మంచి జాగాలో ఉండానని. ప్రమోషనే!"

ఆఫీసులో మనుషుల్ని వరుసగా తీసేస్తున్నారని విన్నప్పటి నుంచి ఆమెకు మెతుకు లోపలికి పోవడం లేదు. ఇప్పుడు పరదాల సంగతే మరిచి, ఎదురింటి కెంపమ్మ తలుపు తట్టింది. కెంపమ్మ లిఫ్టు దిగేలోగా లోకనాథం మేనేజరయ్యాడు. గేటు దాకా పోయేసరికి డైరెక్టరయ్యాడు. సాయంత్రం అపార్టుమెంటు అసోసియేషన్ వాళ్లు పూలదండ తెచ్చారు. మర్నాడు అత్తిబెలె నుంచి బాలాత్రిపురసుందరి అన్న చెన్నరాయప్ప, చదువు ముగించి ఖాళీగా ఉన్న కొడుకు చైతుతో సహా దిగాడు.

"బావ తలుచుకుంటే మావాడికి ఒక సీటు దొరకదా, బాలా?"

మెడలో దండ పడ్డ మనిషి ఊరుకుంటాడా? లోకనాథం ఏకంగా సుమనే ఆ రాత్రి భోజనానికి పిలిచాడు. ఆవిడ వచ్చింది కూడా. రెండో ఒబ్బట్టు దగ్గర ఆవిడ కళ్లు చెమర్చాయి.

"మీరింత స్పోర్టివ్‌గా తీసుకుంటారనుకోలేదు లోకనాథం గారూ. ఇంకొకరైతే నా ముఖం కూడా చూడరు."

"దేనికి మేడమ్?"

"అదే... మీ లెవెల్ వాళ్లందర్నీ తీసేస్తున్నాం కదా. మీ ఎక్స్‌పీరియన్సుకు బయట ఇంకో ఉద్యోగం దొరకడానికి వెల్ ప్లేస్డ్ అని రాశాను."

బాలాత్రిపురసుందరి వంచిన నెయ్యి గిన్నె వంచినట్టే ఉంది. ఒబ్బట్టు నేతిలో తేలింది. అందరికంటే ముందు తేరుకున్నది చెన్నరాయప్పే.

"అయితే సీటు ఖాళీ అవుతాది కదా మేడమ్? మావాడు ఉండాడు. ఎంతిచ్చినా చేస్తాడు."

"అన్నా!"

"నువ్వుండు బాలా. బయటివాళ్లకు పోయేకంటే మేలు కదా."

మాట మారినందుకు బతికిపోయినట్టు సుమ చైతు వైపు తిరిగింది. "ఫ్రెషరా? మేం ఇప్పుడు ఫ్రెషర్లనే తీసుకుంటున్నాం."

నెల తిరక్కముందే ఆ ఉద్యోగం దొరికిన చైతు, పరుపుతో సహా కాడుగోడిలో మేనత్త ఇంటికి వచ్చేశాడు. అత్తిబెలె నుంచి రోజూ ఆఫీసుకు రావడం కష్టమట. మొదటిరోజే, "లేటయితాది మామా, కొంచెం దింపవా?" అన్నాడు. లోకనాథం కాదనలేక స్కూటరు తీశాడు.

తిరిగొచ్చి స్కూటరు తాళం గోడకు తగిలించాడు. అతనే చెప్పాడు.

విజిటర్లు బండి ఆఫీసు గేటు బయటే పెట్టాలన్నారట.