రోహిణి ఎవరు?

ఆ సోమవారం పొద్దున వీరాంజనేయులు రెండు పనులు పెట్టుకున్నాడు. ఒకటి, భార్యకు తెలియకుండా ఆమెను పెన్షనర్ని చేయడం. రెండోది మధ్యాహ్నం కునుకు. రెండూ కుదరలేదు.

ఇంగ్లండులోని స్టీవెనేజ్‌లో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. వరలక్ష్మికి జీపీ సర్జరీ, అంటే డాక్టరుగారి క్లినిక్ నుంచి ఫోనొచ్చినా, కౌన్సిల్ నుంచి వచ్చినా "ఐ యామ్ హర్ హస్బెండ్, టెల్ మి" అని తనే అందుకోవడం ఆయన అలవాటు. ఆవిడ ఓ స్కూలు వంటింట్లో ఎనిమిదేళ్లు పనిచేసి, మనవరాలు హాసినిని చూసుకోవడానికి మానేసింది. సొంత పెన్షన్ రావాలంటే నేషనల్ ఇన్సూరెన్స్ చందా పదేళ్లైనా జమై ఉండాలి. "మానెయ్, నీకేం తక్కువ?" అన్నది తనే కాబట్టి ఆయన మనసులో అది ముల్లులా ఉండిపోయింది. పైగా ఒకసారి ఆవిడ, "నా పేరు మీద ఏదో కాస్త పడితే బావుణ్ణండీ" అంది.

తక్కువైన ఏళ్లకు స్వచ్ఛందంగా డబ్బు కట్టేసి, శనివారం ఆమె పుట్టినరోజున అందరి ముందూ ప్రకటించాలని ఆయన ఎత్తు. హాలు మాట్లాడాడు. 'హ్యాపీ పెన్షన్' అని కేకు మీద రాయించమన్నాడు. తర్వాత పెన్షన్లవాళ్ల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాడు.

ఆవిడతోనే మాట్లాడాలన్నారు వాళ్లు.

"వరలక్ష్మీ, ఇలా రా. ఏదడిగినా యెస్ అను, చాలు."

"పోపు మాడిపోతుందండీ!"

పుట్టినతేదీ అడిగారు. వరలక్ష్మి నోరు తెరిచింది. ఈలోగా వీరాంజనేయులే, పంచాంగం చూసి తాను లెక్కగట్టి ఏటా పాయసం వండిస్తున్న తేదీని గట్టిగా చెప్పేశాడు. ఆ తేదీ సరిపోలేదనీ, పైగా జవాబు ఆయన చెప్పకూడదనీ అవతలివాళ్లు మర్యాదగా చెప్పి ఫోన్ పెట్టేశారు. పోపు మాడింది. స్మోక్ అలారం మోగింది.

"అది కాదండీ, నా తేదీ..."

"నువ్వుండు. వాళ్ల రికార్డే తప్పు!"

రుజువు కావాలి కదా అని అటక మీంచి ఆమె జాతకం దింపి, కూర్చుని ఇంగ్లీషులోకి మార్చి, ఆ సాయంత్రమే ఆన్‌లైన్లో పంపాడు. గురువారం వాళ్లే ఫోన్ చేశారు. అప్పుడు వాట్‌ఫర్డ్ నుంచి వచ్చిన మిత్రుడు రామమోహనరావు పక్కనే కాఫీ తాగుతున్నాడు. మీరు పంపినదాంట్లో రోహిణి అని ఉంది, ఆవిడెవరు, మీ ఇంట్లోనే ఉంటారా అని వాళ్ల ప్రశ్న.

"షి ఈజ్ మై వైఫ్స్ స్టార్!" అని అరిచాడు వీరాంజనేయులు.

రామమోహనరావు కాఫీ సగంలో వదిలి లేచాడు. ఆ రాత్రికల్లా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో, గవర్నమెంటువాళ్లు వీరాంజనేయులి ఇంట్లో రోహిణి గురించి ఆరా తీస్తున్నారని పాకిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, పుట్టినరోజుకి రాలేమని చెప్పినవాళ్లు కూడా శనివారం మనసు మార్చుకుని వచ్చేశారు.

హాల్లో అందరి చూపులూ రోహిణి కోసమే. చివరికి హాసినే అడిగేసింది. "తాతా, హూ ఈజ్ రోహిణి?"

"మీ నాయనమ్మ నక్షత్రమే తల్లీ!" అని ఏడుపుగొంతుతో జరిగిందంతా చెప్పుకున్నాడు ఆయన.

కోడలు స్రవంతి నవ్వాపుకోలేకపోయింది. "మామయ్యగారూ, అత్తయ్యగారి పాస్‌పోర్టులో ఉన్నది బళ్లో హెడ్మాస్టరుగారు వేసిన తేదీ కదా! రెండేళ్లు చిన్న. రికార్డంతా దాని మీదే. పెన్షన్‌కి ఇంకా టైముంది."

"అదే చెప్పబోయానండీ" అంది వరలక్ష్మి.

"అయితే ఆ తేదీతోనే మళ్లీ ఫోన్ చేసి కడతా!"

"కట్టక్కర్లేదు మామయ్యగారూ. పిల్లల్ని పన్నెండేళ్లు నిండేదాకా చూసుకునే అమ్మమ్మా నాయనమ్మలకి ఇన్సూరెన్స్ కట్టినట్టే లెక్కేసి క్రెడిట్లు ఇస్తారు. హాసినికిచ్చే చైల్డ్ బెనిఫిట్ భత్యంతో పాటు నాకొచ్చే క్రెడిట్లు అత్తయ్యగారి పేరుకి మార్పించాం. పదేళ్లు ఎప్పుడో దాటాయి."

వీరాంజనేయులికి ఒక్కసారిగా గుండె తేలికైంది. ఆ వెంటే ఉక్రోషం వచ్చింది. "మరి నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"ఫోను మీరు నా చేతికిచ్చిందెప్పుడు?" అంది వరలక్ష్మి. ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి. "నాకోసం ఇంత తిప్పలు పడ్డారా?" అని ఆయన నోట్లో కేకు ముక్క పెట్టింది.

అనుమానం తీరిన రామమోహనరావు తన తప్పు సర్దుకుందామని ఓ సలహా పారేశాడు. ఆదాయం లేని భార్య వాడుకోని పన్ను మినహాయింపులో కొంత భర్తకు ఇచ్చుకోవచ్చట. వీరాంజనేయులి పెన్షన్ మీద పన్ను తగ్గుతుంది. "కాకపోతే అప్లై చేయాల్సింది చెల్లెమ్మే. నువ్వు చేస్తే చెల్లదు."

వీరాంజనేయులు గొంతు సవరించుకున్నాడు. "వరలక్ష్మీ... కాస్త చేస్తావా?"

"ఆలోచిస్తానండీ."

ఆదివారమంతా ఆలోచించింది. సోమవారం పొద్దున పన్ను ఆఫీసుకి తనే ఫోన్ చేసింది. పుట్టినతేదీ అడిగితే హెడ్మాస్టరుగారిది చెప్పి గట్టెక్కింది. భర్త వివరాలు అడిగారు. వీరాంజనేయులు చెయ్యి చాచాడు. ఆవిడ ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"ఐ యామ్ హిజ్ వైఫ్. ఆస్క్ మి."

వీరాంజనేయులు వెళ్లి పోపు చూసుకున్నాడు.